మంట చుట్టూ ఆయన పాట

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాది పుట్టు బొంగురు గొంతు. జలుబు చేసిందా అని ఇక్కడి డాక్టర్లు కూడా అడుగుతారు.

ఈ పరాయి దేశంలో, ట్రాయ్ అనే ఊళ్ళో, అమ్మాయి దగ్గర ఉండగానే మా ఆయన పోయారు. ఆయనకు అక్షరం ఉంది, రాగం లేదు. నాకు రాగం ఉంది, అక్షరం లేదు. అందుకే మా తెలుగు చర్చిలో ఆయన నా ఎడమ పక్కన నిలబడి, పుస్తకం చూసి ఒక్కో లైనూ మెల్లగా అందించేవారు. నేను అందుకుని పైకెత్తేదాన్ని. పెళ్ళయినప్పటి నుంచీ అలాగే పాడాం. ఆయన సొంతంగా మాటలు కట్టిన పాట ఒకటుంది, మూడు చరణాలు. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు.

ఆయన పోయాక రెండేళ్ళు నేను ఆ పాట జోలికి పోలేదు. ఎవరైనా అందిస్తే తప్ప నాకు మాట రాదు. పాడబోయి రాలేదనుకో, పాట కూడా పోయినట్టే కదా. నోరెత్తకపోతే లోపలెక్కడో ఉందిలే అనుకోవచ్చు.

అల్లుడికి కార్ల కంపెనీలో ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో ఊరికే కూర్చోలేక గిటారు నేర్చుకున్నాడు. మళ్ళీ ఉద్యోగం దొరికిన ఏడాది వేసవిలో మమ్మల్ని కంట్రీ మ్యూజిక్ అని, ఇక్కడి పల్లె పాటల పండగకి తీసుకెళ్ళాడు. పొలాల మధ్య మూడు రోజులు టెంటులో మకాం. దూరాన పెద్ద స్టేజి ఉంది. కానీ వచ్చినవాళ్ళు సాయంత్రం కాగానే ఎవరి టెంట్ల ముందు వాళ్ళు మంట వేసుకుని, గిటార్లూ ఫిడేళ్ళూ తెచ్చుకుని కూర్చుంటారు. పాట చుట్టూ తిరుగుతుంది. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు వాయిద్యాలతో కలవాలి. వద్దనుకుంటే తల అడ్డంగా ఊపితే చాలు, పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది.

మొదటి సాయంత్రం నేను తల ఊపాను. అంతమంది నవ్వుతూ పాడుతుంటే నా కుర్చీ ఎడమ పక్కన గడ్డి ఒక్కటే కనబడింది నాకు.

రెండో సాయంత్రం పక్క టెంటు ముసలావిడ, ఫిడేలు వాయించే ఆవిడ, నేనిచ్చిన చేగోడీలు కరకరా నములుతూ వచ్చి నా పక్కనే కూర్చుంది. వంతు నా దగ్గరికొచ్చింది. నేను తల ఊపబోయాను.

అల్లుడు అందుకున్నాడు. "అత్తయ్యా, మీ గొంతుకి ఇక్కడ ఫుల్ డిమాండ్. చూశారుగా, వీళ్ళంతా బొంగురుగానే పాడుతున్నారు."

"నువ్వు ముందు నీ గిటార్ ట్యూన్ చేసుకో," అంది మా అమ్మాయి. తరవాత నా వైపు వంగి, "అమ్మా, నాన్న పాట పాడవా? ప్లీజ్" అంది.

"ఎవరు అందిస్తారే నాకు? నీకొచ్చా?"

"నాకు రాగం గుర్తుంది. మాటలు రావమ్మా."

దానికీ రావు. అంటే నాలో లేకపోతే ఇంకెక్కడా లేదు. అదే భయం వేసింది, అదే నోరు తెరిపించింది. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. మంట వైపే చూస్తూ ఎత్తుకున్నాను. "ఏటి ఒడ్డున నా పడవ కట్టినాను తండ్రీ..."

ఆ లైను అయిపోగానే అలవాటుగా ఎడమ పక్కకి తల తిప్పి ఆగాను. ఆయన అందించాలిగా మరి! అక్కడ ఫిడేలావిడ ఉంది. నేనాగితే ఆవిడా ఆగింది. గిటార్లన్నీ ఆగాయి. ఆ ఆగడం పాటలో ఉన్నదే అనుకున్నారు వాళ్ళు. ఆ నిశ్శబ్దంలో ఆయన గొణుగుడు వినబడినట్టే ఉంది, రెండో లైను వచ్చేసింది. పాడాను. మళ్ళీ ఆగాను. వాళ్ళూ ఆగారు. అలా మొదటి చరణం వచ్చింది, రెండోదీ వచ్చింది. అమ్మాయి ఫోన్ నా ముందు పట్టుకుని రికార్డ్ చేస్తోంది.

మూడో చరణం రాలేదు. ఎంత ఆగినా రాలేదు. ఆఖరికి ఫిడేలావిడే మాటల్లేకుండా, ముందు చరణాల రాగంతోనే ఆ చరణమంతా వాయించింది. లైను లైనుకీ ఆగాల్సినంతా ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పాట పూర్తయిందనుకున్నారు. లేదని తెలిసింది నాకూ మా అమ్మాయికీ మాత్రమే.

"వస్తుందిలేమ్మా," అంది అమ్మాయి.

"రాదే," అన్నాను. ఏడుపు రాలేదు. రెండున్నాయి, ఒకటి లేదు. అంతవరకు తెలిసింది.

మర్నాడు పొద్దున టెంటు విప్పి, మేకులు ఏరుతున్నాను. అవతల ఫిడేలావిడ కాఫీ గిన్నె కడుక్కుంటూ ఆ రాగమే కూనిరాగం తీస్తోంది. ఒక లైను తీసి ఆగింది. మేకు చేతిలో పట్టుకుని నేనూ ఆగాను.