దీపం వెలిగించాక మందు

మొన్న మా దీవిలో, మేముండే కాత్ర్ బోర్న్ ఊళ్ళో, మా మనవరాలు బడిలో వాదనల పోటీకి ఇచ్చిన అంశాన్ని కాగితం మీద రాసుకొచ్చి నా ముందు పెట్టింది. దేవుడి మీద నమ్మకం మనిషి ప్రగతికి హేతుబద్ధమైన పునాది అవునా అన్నది ప్రశ్న. "తాతా, వీ ఊ నోన్?" అని ఇక్కడి క్రియోల్ భాషలో నిలదీసింది, అవునో కాదో ఒక్క మాట చాలట. నేను లేచి వెళ్ళి అలమారులో ఏళ్ళ వరుసన పేర్చుకున్న డైరీల్లోంచి నా ఇరవయ్యో ఏటిది తీశాను. అందులో ఒక శనివారం పుటలో ఎర్ర సిరాతో "మా వాళ్ళు బాగుపడకపోవడానికి కారణం దేవుడే" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది.

అప్పట్లో నేను లాల్మతీ దగ్గర చెరకు తోటల కూలీలుండే కాంపులో మలేరియా మందు పంచే ఉద్యోగం చేసేవాణ్ణి. నా ఈడు వాళ్ళకు ఆ జ్వరం గుర్తుండే ఉంటుంది. మండుటెండలో మనిషి గోనెలు కప్పుకుని వణికేవాడు. వారానికొకసారి ఇంటింటికీ తిరిగి క్వినైన్ బిళ్ళలు నా కళ్ళ ముందే మింగించి, పట్టీలో గుర్తు పెట్టాలి. శనివారం మధ్యాహ్నానికి పని ముగిసి అందరూ ఇంటిపట్టున ఉంటారని నేనే ఏరి కోరి ఆ రోజు పెట్టుకున్నాను. మా తెలుగువాళ్ళు నన్ను ఆప్యాయంగా కూర్చోబెట్టి, బిళ్ళ బుగ్గన దాచుకుని, నేను వెళ్ళగానే మందార కంచె వెనక ఉమ్మి నోరు పుక్కిలించేవారట. శనివారం అప్పన్న స్వామి రోజు. సాయంత్రం భజనలో దీపం వెలిగేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆ ఉపవాసం నాకు తెలియనిది కాదు. మందు తిండి కాదు గదా అనుకున్నాను, అంతే. అడగలేదు.

ఉమ్మేస్తున్నారని నాకు తెలిసేసరికి మా పిన్ని జ్వరంతో మంచాన పడింది. అమ్మ పోయాక చెరకు మోపులు మోసి నన్ను చదివించిన మనిషి. ఆవిడ ఇంటి వెనక వానకు తెల్లగా కరిగిన నా బిళ్ళలు చూశాక ఒళ్ళు మండి, ఆ ఎర్ర సిరా వాక్యం రాసి, తిన్నగా పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. కాంపులో భజన నడిపేది ఆయనే. మీ దేవుడే పిన్నిని చంపుతున్నాడని నలుగురిలో అరిచాను.

ఆయన చేతిలోని భజన తాళాలు కింద పెట్టాడు. "దేవుడి సంగతి నాను సూసుకుంతాన్రా. నువ్వొచ్చే ఏళ సూసుకో. దీపం ఎలిగించాక రా."

ఆ సాయంత్రమే వెళ్ళాను. భజన మధ్యలో దీపం వెలిగింది, ప్రసాదం పంచారు. మందును ప్రసాదమని అబద్ధం చెప్పి మింగిస్తాడేమోనని నా భయం. ఆయన అలా చేయలేదు. ఇది జ్వరం మందు, సేదుగా ఉంటాది, మింగినోళ్ళు నాలిక సూపించాల, అని అందరికీ చెప్పి, మొదటి బిళ్ళ తానే మింగి నాలుక చాపాడు. వెనకనుంచి ఎవరో "ఇంత సేదేటి మావా!" అంటే, "ఏడాదంతా సెరుకులోనే సత్తన్నాం గదరా, తీపి మొగం మొత్తలేదేటి?" అన్నాడు. నవ్వులు. ఒక్కొక్కరే నా ముందుకొచ్చి నాలుకలు చాపుతుంటే గుర్తులు పెట్టడానికి నా చెయ్యి చాల్లేదు. పిన్నిని చాప మీద మోసుకొచ్చారు. ఆవిడ బిళ్ళ కళ్ళకద్దుకుని మింగింది.

ఆ వారమంతా రోజూ బిళ్ళ మింగిస్తున్నా ఆవిడ ఉంటుందో పోతుందో తెలియలేదు. తర్వాత ఒక ఉదయం కళ్ళు తెరిచి, "ఒరే నాయనా, సెవుల్లో తాళాలు మోగతన్నాయిరా, బజన ఇంకా అవనేదా?" అంది. క్వినైన్‌కు చెవుల్లో రొద పుడుతుందని చదివినవాణ్ణి, ఆ మాట డైరీలో మాత్రం రాసుకున్నాను. మరికొన్నాళ్ళకు ఆ భజన జట్టే పారలు పట్టుకుని కాంపు వెనక మురుగు నీటికి కాలవ తవ్వింది. పిలిచింది పెదనాన్న, ఎక్కడ తవ్వాలో చూపింది నేను.

ఎర్ర సిరా కింద నల్ల సిరాతో ఇంకో మాట ఉంది: "ఈ వారం ఎవరూ ఉమ్మలేదు. వేళ ఎంచడంలో తప్పు నాది." మనవరాలు రెండూ చదివి, "ఇది ఏ పక్షానికీ పనికిరాదు తాతా," అని నవ్వి వెళ్ళిపోయింది. నిజమే. జ్వరం తగ్గించింది క్వినైనే, అందులో నాకు ఆనాడూ సందేహం లేదు, ఈనాడూ లేదు. కానీ ఆ బిళ్ళ నా చేతిలోంచి వాళ్ళ గొంతులోకి దిగడానికి పట్టిన దారిని ఏ పక్షాన రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు దీవిలో ఆ జ్వరం లేదు. భజనకు సిమెంటు హాలుంది, ప్రసాదం కాగితం పొట్లాల్లో ఎవరిది వాళ్ళకు ఇంటికొస్తుంది. మాత్రలూ అంతే, ఎవరి గదిలో వాళ్ళం వేసుకుంటాం. మింగావా అని నాలుక చూసేవాళ్ళు లేరు. ఈ మధ్య నాకూ చెవుల్లో రొద మొదలైంది. వయసు వల్లనే అన్నాడు డాక్టరు, అలాగే డైరీలో రాసుకున్నాను. శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మాత్రం, భజన ఇంకా అవలేదు పిన్నీ, అనుకుంటాను.