బల్లల మీద మిగలని పుస్తకాలు

సికింద్రాబాద్‌లోని ఒక పీజీ కళాశాలలో నేను ముప్పై ఏళ్లకు పైగా గ్రంథాలయాధికారిగా పనిచేశాను. నా పఠన మందిరంలో ఒక నియమం ఉండేది: బీరువాలోంచి తీసిన పుస్తకాన్ని చదివినవారే తిరిగి యథాస్థానంలో ఉంచాలి. బల్ల మీద వదిలి వెళ్లినవారిని మెట్ల దాకా వెళ్లాక కూడా వెనక్కి పిలిపించేవాణ్ణి. తలుపులు మూసే వేళకు బల్లలన్నీ ఖాళీగా, నున్నగా కనిపిస్తే ఆ దినం సక్రమంగా గడిచిందని తృప్తిపడేవాణ్ణి.

నా ఉద్యోగపు చివరి సంవత్సరం, ఆ మందిరాన్ని తీసివేసి కంప్యూటర్ గది చేయాలనే ప్రతిపాదన వచ్చింది. అచ్చు పుస్తకాల కోసం ఎవరైనా వస్తున్నారా, వస్తే ఎందుకు వస్తున్నారో తేల్చి చెప్పమని కమిటీ నన్ను అడిగింది. నేను వచ్చినవారినల్లా అడిగి రాసుకున్నాను.

మారేడ్‌పల్లి నుంచి వచ్చే ఒక అధ్యాపకురాలు నవ్వారు. “మీ మెట్లెక్కేలోపు ఇంట్లో కూర్చుని నాలుగు వ్యాసాలు దించుకుంటానండీ. కానీ పాత పరిశోధన గ్రంథాలు ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కలేదు కదా, వాటి కోసం మీ కోపం భరించాల్సిందే!”

ఒక ఎం.ఏ. విద్యార్థి తల గోక్కున్నాడు. “ఫోన్ల సదువుదామంటె నడుమల మెసేజ్ వస్తది సార్, గంతే, ఖతం. గీడ మీరు ఎదురుంగ కూసుంటరు కద, భయానికైనా సదువుత.”

బన్సీలాల్‌పేట్ నుంచి వచ్చే అమ్మాయి అర్థశాస్త్రం చదివేది. రోజూ కిటికీ పక్క బల్ల ఆమెదే. “మాది ఒక్కటే రూమ్ సార్. తమ్ముళ్ల లొల్లి, టీవీ లొల్లి. గంత పెద్ద బుక్కు ఫోన్ల సదివితే కండ్లు గుంజుతయ్. ఇంటికి తీస్కపోతే పెట్టనీకి జాగ లేదు.”

ఈ మాటలన్నీ పొందికగా రాసి కమిటీ ముందుంచాను. అధ్యక్షుడు ఓపికగా చదివి, కంప్యూటర్ విభాగం వారి కాగితాలు నా వైపు జరిపారు. ఎవరు ఏ వ్యాసం తెరిచారో, ఎంతసేపు చదివారో అన్నీ వాటిలో ఉన్నాయి.

“మందిరంలోనే కూర్చుని చదివిన పుస్తకాల వివరం ఏదండీ? సాయంత్రం బల్లల మీద మిగిలినవి రాసుకుంటారు కదా?”

అన్ని గ్రంథాలయాల్లోనూ రాసుకుంటారు. చదివిన పుస్తకాన్ని బల్ల మీదే వదలమని బోర్డు పెట్టేది అందుకే. ఆ పద్ధతిని నేను అలసత్వమని ఏనాడో తోసిపుచ్చాను. నా రిజిస్టరులో ఆ గడి ముప్పై ఏళ్లుగా ఖాళీ.

“అంటే, ఇక్కడ ఎవరూ పుస్తకం ముట్టనట్టే కదండీ” అన్నారాయన, మర్యాదగానే. మందిరం మూసేయాలని ఆ పూటే తీర్మానించారు.

మందిరం మూసే చివరి రోజున కిటికీ పక్క బల్ల దగ్గర ఆ అమ్మాయి ఎప్పటిలాగే చదువుకుంది. గంట కొట్టగానే లేచింది.

“రేపటి సంది యాడ కూసోవాలె సార్?”

“ఆ పుస్తకం బల్ల మీదే ఉంచి వెళ్లమ్మా” అన్నాను.

ఆమె నన్ను అనుమానంగా చూసింది. “గట్ల పెడితే మీరే తిడ్తరు కద సార్!” అంటూ వెళ్లి, పుస్తకాన్ని దాని స్థానంలో నిటారుగా నిలబెట్టి, వరుస సరిచేసి మరీ వెళ్లిపోయింది.

తలుపు మూసేముందు వెనక్కి చూశాను. బల్లలన్నీ నున్నగా ఉన్నాయి.