ఆమె చేతికి నాలుగు వాచీలు

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదని ముందే ఒప్పుకుంటున్నాను. కొత్తగూడ దగ్గరి అడవి పార్కులోకి ఓ పొద్దున ఒంటరిగా నడకకు వెళ్లాను. అరకిలోమీటరుకే హిమాలయాలు ఎక్కినంత ఆయాసం వచ్చింది. ఏనుగంత నెమలి ఒకటి నన్ను చూసి నవ్వుకుంది.

ఆ దారిలోనే ఒకావిడ బండరాయికి ఆనుకుని మోకాలు పిసుక్కుంటోంది. యాభై దాటి ఉంటాయి. ఎడమ చేతికి వరసగా నాలుగు స్మార్ట్ వాచీలు.

"ఇన్ని వాచీలేంటమ్మా?" అన్నాను.

"నాయి గావు సార్. నేను పనిచేసే అపార్ట్‌మెంట్ల సార్లయి. ఆఫీసుల నడక పోటీ పెట్టిన్రంట. ఆళ్లకు తీరిక లేదు, నన్ను నడువుమన్నరు."

"అపార్ట్‌మెంటు చుట్టూ తిరిగితే చాలదా?"

"గట్ల గాదంట. అడవిల నడిచినట్టు మ్యాపు పడాల్నంట."

"నొప్పిగా ఉంటే కాసేపు కూర్చోవచ్చుగా?"

"పదివేల అడుగులు గాకపోతే ఇంకొకామెను పెట్టుకుంటరు సార్. ఇగ నా పనే పోతది."

నా కళ్లు చెమర్చాయి. వాచీలన్నీ విప్పించి నా చేతికి కట్టుకున్నాను. ఆమెను కూర్చోబెట్టి మిగతా అడుగులు నేనే నడిచాను.

ఇది ఎక్కడ చెప్పినా జనం నాలుగు వాచీల దగ్గర నవ్వుతారు, నమ్మరు. నెమలి సంగతి వదిలేయండి, వాచీలు మాత్రం నిజంగా నాలుగే. నేను కల్పించింది నేను నడిచానన్న ముక్క. మా ఆఫీసులోనూ ఆ పోటీ నడుస్తోంది. నా వాచీ విప్పాను. ఆమె కుడి చెయ్యి చాపింది.