తొంభై తొమ్మిదో నంబరు బస్సు

2014 జూన్ మూడో వారం, గురువారం మధ్యాహ్నం. అబుదాబి దగ్గరి ముసఫ్ఫాలోని మా ఆఫీసులో నా ముందు రెండు తెరలున్నాయి. ఎడమవైపు పాత ప్రోగ్రామ్, కుడివైపు నేను చక్కదిద్దిన కొత్తది. రెండింటికీ కిందటేడు జూన్ వివరాలే ఇచ్చి నడిపిస్తున్నాను. కుడి తెర మీద ఒంటిగంటకు కార్మికులతో ఒక బస్సు సైటుకు బయల్దేరింది. ఎడమ తెర మీద అలాంటి బస్సే లేదు. రెండూ ఒకేలా ఉండాలి.

మా కంపెనీ కార్మికులను క్యాంపుల నుంచి సైట్లకు, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు చేరవేస్తుంది. ఎవరు ఏ బస్సు ఎప్పుడు ఎక్కాలో తేల్చి, డ్రైవర్ల ఫోన్లకు పంపేది ఆ ప్రోగ్రామే. రాసినాయన ఎప్పుడో కేరళ వెళ్లిపోయారు. ఇలా రాసినవాళ్లు వెళ్లిపోయాక కూడా వాడుకలో మిగిలిన ప్రోగ్రామ్‌ను మేం లెగసీ కోడ్ అంటాం. అది చేసే పని మారకుండా లోపలి రాతను బాగుచేయడం రిఫ్యాక్టరింగ్. నన్ను పెట్టుకున్నది అందుకే. గ్యాస్ కట్టేశానో లేదోనని లిఫ్ట్ దాకా వెళ్లి వెనక్కొచ్చే మనిషిని నేను. ప్రతి మార్పు తర్వాతా పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపితే గాని నాకు మనసు నిలవదు.

ఆ ఉదయం చేసిన మార్పు ఒక్కటే. పాత కోడ్‌లో తొంభై తొమ్మిదో నంబరు బస్సు ఉంది. సైటు షెడ్డు దగ్గర బయల్దేరి, ఆ షెడ్డు దగ్గరే ఆగుతుంది. దానికి డ్రైవర్ లేడు. ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ యాదగిరి గారిని అడిగితే, "మన దగ్గర అరవై బస్సులే మేడమ్. గదేదో దయ్యాలు నడిపేదేమో, మీరే ఎక్కి చూసి చెప్పున్రి" అని నవ్వారు. నేనూ నవ్వి, కొత్తదాంట్లోంచి దాన్ని తీసేశాను.

ఇప్పుడు ఆ బస్సు వేళలు మళ్లీ చూశాను. పన్నెండున్నరకు బయల్దేరుతుంది, మూడింటికి చేరుతుంది. అదీ జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకానే. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వేసవిలో సరిగ్గా ఆ వేళల్లో ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి నియమం. పాత ప్రోగ్రామ్‌కు విశ్రాంతి అంటే ఏమిటో తెలియదు. ఖాళీగా కనిపించిన మనిషిని మనుషులు కావలసిన సైటుకు పంపేస్తుంది. అందుకని కోడ్ రాసినాయన ఒక లేని బస్సును పుట్టించి, ఆ రెండున్నర గంటలూ ఎవరూ ఖాళీగా కనిపించకుండా లెక్కలో అందరినీ అందులో కూర్చోబెట్టారు. నిజానికి వాళ్లుండేది షెడ్డు నీడలో. ఎంత తెలివి! ఒక్క ముక్క రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

కొత్త ప్రోగ్రామ్ ఆ సాయంత్రమే అమల్లోకి రావాలి. ముదీర్ గదికి దాదాపు పరిగెత్తాను. మా మేనేజర్‌ను అందరూ అలాగే పిలుస్తారు. కరాచీ మనిషి, మాతో హిందీలో మాట్లాడతారు. నియమం డ్రైవర్లకు తెలుసని, తెర మీద ఏముంటే ఏమిటని ఆయన తేలిగ్గా తీసుకున్నారు. అక్కడే ఉన్న యాదగిరి గారి వైపు చూశాను.

ఆయన నాతో తెలుగులో అన్నారు: "సగం మంది కొత్త డ్రైవర్లు మేడమ్. ఫోన్ల బండి తీయమని వస్తే తీసుడే. ఆపితే ఎందుకాపినవని నన్నే అడుగుతరు. ఎండల నిలవడేది ఈయననా?"

చివరి మాట వదిలేసి మిగతాది హిందీలో చెప్పాను. ముదీర్ లేచి నా బల్ల దగ్గరికి వచ్చి, రెండు తెరలనూ చూశారు.

"ఈ బస్సు నిజంగా వెళ్తుందా?"

"వెళ్తుంది సర్. నిండా మనుషులతో."

కుడి తెర మీది ఒంటిగంట బస్సును మరోసారి చూశారు. తర్వాత, "ఖలాస్, ఇవాళ వద్దు. ఆదివారం మొదలుపెడదాం. ఇది సరిచేసి ఇంటికెళ్లు" అన్నారు.

దయ్యం బస్సును మళ్లీ తీసుకురాలేదు. దాని బదులు 'మధ్యాహ్న విశ్రాంతి' అనే పేరుతోనే నియమం రాసి, పైన కారణం రాశాను. రేపు ఎవరైనా తెలియక తీసేస్తే వెంటనే పట్టిచ్చే టెస్ట్ కూడా జతచేశాను. మళ్లీ నడిపితే కుడి తెర మీద ఒంటిగంట బస్సు లేదు.  పాంట్రీకి వెళ్లి పాలు లేని సులేమానీ టీ తాగుతూ కనిపించిన ప్రతివాళ్లకీ ఈ సంగతి చెప్పాను.

మర్నాడు శుక్రవారం, సెలవు. నిన్న ఎందుకు ఆలస్యమైందని దోసెలు తింటూ పిల్లలిద్దరూ నిలదీశారు. లేని బస్సు కథ చెప్పాను.

"దాన్ని తీసేస్తే ఆ అంకుల్స్ ఎక్కడ కూర్చుంటారు?" అంది పాప.

"నీడలోనే. ఇప్పుడు దాని పేరు బస్సు కాదు, విశ్రాంతి. ఎవరు చదివినా తెలుస్తుంది."

"మరి ఆయన ముందే అలా రాయొచ్చుగా?" అన్నాడు బాబు.

"ఆయనకు తెలుసు కదా నాన్నా, అందుకే రాయలేదు. మీరు మాత్రం ఏ పని చేసినా, మీకు తెలిసింది మీ తర్వాత వచ్చేవాళ్లకు తెలియదని గుర్తుంచుకోండి" అన్నాను.