చేటెడు తవుడుకు అమ్మిన బిడ్డ

పెంటమ్మ చెంప మీద కృపమ్మ ఎన్ని దెబ్బలు వేసిందో ఎవరూ చెప్పలేరు గాని, అన్నిటికీ కారణం ఒక్కటే. ఆ పిల్ల నోరు జారి ఆమెను "అమ్మా" అని పిలిచేది.

కన్నతల్లిని అమ్మా అంటే కొడతారా అని అడక్కండి. గురజాల తాలూకాలో నాపరాళ్ల గనుల పక్కనున్న ఆ పల్లెలో కృపమ్మకు మొదట పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే మట్టిలో కలిశారు. మూడోది పుట్టిన వారానికి ఆదివారం ప్రార్థనకు వెళ్లి ఏసుప్రభువు ముందు ఏడ్చి వచ్చింది. సోమవారం పొద్దున్నే పసిగుడ్డును తీసుకెళ్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పాస్టరుగారు తిట్టారు. తిట్టరా మరి! అయినా భయం ముందు పాస్టరుగారెంత? ఎదురింటి బుల్లెమ్మ చేటెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుంది. పెంట మీద దొరికింది కాబట్టి పెంటమ్మ అని పేరు పెట్టి, ముక్కు కుట్టించి, మళ్లీ కృపమ్మ చేతిలోనే పెట్టింది.

చావు వచ్చి వెతికినా ఈ ఇంట్లో బిడ్డ లేదనుకుని పోవాలి. అదీ ఆచారం. ఏడేళ్లు నిండేదాకా తల్లి "నా బిడ్డ" అనకూడదు, బిడ్డ "అమ్మా" అనకూడదు. అందుకే పెంటమ్మ కృపమ్మ పక్కలో పడుకుని, కృపమ్మ చేతి ముద్ద తిని, ఆమెను "అక్కా" అనేది. అమ్మ అన్న మాట బుల్లెమ్మకు దక్కింది.

కృపమ్మ భర్త రాజారత్నం నాపరాళ్లు కొట్టేవాడు. యుద్ధం రోజుల్లో రోడ్లు వేసే పటాలంలో చేరి బర్మా వైపు వెళ్లాడు. వెళ్లేముందు కాగితాల్లో పెళ్లాం పేరు, కూతురి పేరు రాయించాడు. రెండేళ్లకు అతను పోయినట్టు కబురొచ్చింది. పెళ్లానికో వాటా, బిడ్డకో వాటా చొప్పున నెలనెలా సర్కారు పింఛను మొదలైంది. బిడ్డ వాటాతో జొన్నలకు బదులు బియ్యం వచ్చాయి, పిల్లకు రెండు గౌన్లు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యంగా కృపమ్మ కరణం ధనుంజయరావు మిరపచేలో సగం కూలికి వంగడం మానేసింది.

కరణం ఆ మాట మరిచిపోలేదు. కరణాలు మరిచిపోతారా!

పిల్లకు ఏడేళ్లు నిండటానికి ఇంకా మూడు నెలలుందనగా పింఛను ఆఫీసరు మద్రాసు నుంచి వచ్చాడు. చావడిలో కుర్చీ వేసుకుని, పింఛను తినే వాళ్లను ఒక్కొక్కరినే పిలిచాడు. చుట్టూ ఊరంతా ఉంది. కృపమ్మ పిల్లను వెంటబెట్టుకుని వెళ్లి నిలబడింది.

"ఈ అమ్మాయి నీ కూతురేనా?"

ఆరేళ్ల తొమ్మిది నెలలు కృపమ్మ నోరు కట్టుకుంది. ఇప్పుడు పదిమందిలో నా బిడ్డ అంటే, ఇన్నాళ్లూ దాచినదాన్ని తనే చావుకు చూపించినట్టు. అయినా కాగితాల్లో రాసే ఉందిగదా, ఊరంతా ఎరిగిందే గదా, కరణంగారు చెప్పకపోతారా అనుకుంది. అదీ ఆ పిచ్చిది చేసిన తప్పు.

"నా బిడ్డ కాదయ్యా. బుల్లెమ్మ బిడ్డ. చేటెడు తవుడుకు అమ్మేసినా."

ఆఫీసరు కలం ఆగింది. "అమ్మేశావా? కరణంగారూ, ఏమిటిది?"

ధనుంజయరావు పైపంచె సర్దుకున్నాడు. "అమ్మిన మాట నిజమేనండి. తవుడు పోసి కొన్న మాట ఊరందరికీ తెలుసు." అంతే అన్నాడు. ఒక్క అబద్ధం ఆడలేదు. ఎందుకు అమ్మిందో మాత్రం చెప్పలేదు. చావడిలో ఉన్న నలభై మందీ చెప్పలేదు. కరణం చేలో కూలికి పోవాల్సిన నోళ్లు అవి. కృపమ్మ వేలిముద్ర వేసింది.

బిడ్డ వాటా ఆగిపోయింది. అంతకుముందు ఇచ్చిన బిడ్డ డబ్బంతా దొంగ డబ్బని ఆమె వాటాలోంచి కోత పెట్టారు. చేతికి చిల్లికానీ రాలేదు. బియ్యం పోయి జొన్నలొచ్చాయి, అవీ రోజుకో పూట. మూడు నెలలూ కృపమ్మ రోజులు లెక్కపెట్టుకుంది. ఏడేళ్లు నిండిన మర్నాడే పిల్లనూ బుల్లెమ్మనూ వెంటబెట్టుకుని, అదే ఆఫీసరు గురజాలలో మకాం వేశాడని విని నడిచి వెళ్లింది.

అక్కడ నోరు తెరిచింది. "నా బిడ్డేనయ్యా! నా కడుపున పుట్టిందే! నా బిడ్డ!" ఏడేళ్ల మాట ఒక్కసారిగా బయటికొచ్చింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది.

"అప్పుడు కాదన్నావు. డబ్బు ఆగితే కూతురైందా?"

బుల్లెమ్మ ముందుకొచ్చింది. "ఆమె బిడ్డేనయ్యా. నేను ఉత్తుత్తిగా కొన్నా. నాకేం సంబంధం లేదు."

"ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారన్నమాట." ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. పిల్లను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగాడు. "మీ అమ్మ ఎవరమ్మా?"

పెంటమ్మ బుల్లెమ్మ వైపు వేలు చూపించింది.

"మరి ఈమె?"

"అక్క."

కృపమ్మ పిల్ల ముందు మోకాళ్ల మీద కూలబడింది. "ఇంక అనొచ్చే తల్లీ. ఏడేళ్లు నిండినయ్. అయ్యగారి ముందర ఒక్కసారి అమ్మా అనవే. అనవే పెంటీ!" అంటూ చేయి చాచింది.

ఆ చేయి చూడగానే పిల్ల రెండు చేతులూ చెంపల మీద కప్పుకుంది. "అననక్కా, ఇంకెప్పుడూ అనను, కొట్టబాకు" అంటూ బుల్లెమ్మ వెనక దూరింది.

ఆఫీసరు కాగితాల కట్టకు తాడు కట్టేశాడు.

బిడ్డ వాటా మళ్లీ రాలేదు, ఆమె వాటా కోతకే పోయింది. ఆ ఏడు మిరపకోతలకు కృపమ్మ ధనుంజయరావు చేలో వంగింది, అదే సగం కూలికి. కరణం గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని, "ఏమే కృపమ్మా, పింఛను బాగుందా?" అని అడిగాడు. కూలీల్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. చావు ఆ పిల్ల జోలికి రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మధ్యాహ్నం పెంటమ్మ ముంత నెత్తిన పెట్టుకుని గట్టెంట నడిచి వచ్చి, కృపమ్మ చేతికి అందనంత దూరంలో ఆగింది.

"అక్కా, నీళ్లు" అని, ముంత నేల మీద పెట్టి వెనక్కి జరిగి నిలబడింది.