అల్ షహానియా దారిలో ఆగిన కారు

ఖతర్‌లో మా తమ్ముడు ఒక ఇంట్లో డ్రైవరు. వాడిని చూడటానికి వెళ్ళినప్పుడు, ఆ ఇంటి పెద్దాయన అబూ ఖలీద్ పెద్ద ఇంజినున్న తన పాత అమెరికన్ మజిల్ కారులో నన్ను కార్ల ప్రదర్శనకు తీసుకువెళ్ళాడు. వాళ్ళ నాన్న కొన్న కారు అది. ఆరేళ్ళు బాగుచేయించి, మొదటిసారి నలుగురికీ చూపించబోతున్నాడు. అల్ షహానియా అనే ఊరు దాటగానే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా అందుకోలేదు. పెద్దాయన స్టీరింగు మీద తల ఆనించి కూర్చుండిపోయాడు.

నేను తమ్ముడికి ఫోన్ చేస్తుంటే, పక్కనున్న ఒంటెల కొట్టంలో పనిచేసే ఒకాయన నా తెలుగు విని వచ్చాడు. పేరు రాజన్న, జగిత్యాల వైపు మనిషి.

"ఇంజిన్ ఖరాబ్ కాలేదన్నా. ఎండకు పైపుల పెట్రోల్ ఆవిరైంది. ఊర్ల పాత జీపు నడిపిన, అది గిట్లనే ఆగుతుండె," అన్నాడు.

తన తువ్వాలు తడిపి పెట్రోల్ పంపుకు చుట్టి, పావుగంట సేపు నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు తిప్పుమను."

ఇంజిన్ వెంటనే అందుకుంది. ఆ చప్పుడుకు కొట్టంలో ఒంటెలన్నీ మెడలెత్తి చూశాయి.

పెద్దాయన రాజన్న యజమానికి ఫోన్ చేసి సెలవడిగి, పదమంటూ "యల్లా" అని అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ప్రదర్శనలో కాఫీ కూజా తానే పట్టుకుని, అంతమంది పెద్దమనుషుల ఎదుట మొదటి కప్పు రాజన్నకే పోశాడు. అక్కడ మొదటి కప్పు ముఖ్య అతిథిది. చాలనుకుంటే కప్పు ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. రాజన్నకు ఆ సంగతి తెలుసు. మూడు కప్పులు తాగాడు, ఊపలేదు. పెద్దాయన నవ్వుతూ నాలుగోది పోశాడు.