కళ్లు చివర దిద్దే డ్రాయింగ్ మేడమ్

డ్రాయింగ్ మేడమ్ పోయారు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఏసీ వేయనంటున్న క్యాబ్ డ్రైవరుతో వాదించుకుంటూ ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది ఆవిడ పనిచేసిన సర్కారు బడిలో ఆయమ్మ. "మన మేడమ్ పోయిందమ్మా. పొద్దుగాల చాయ్ తాగి, జర పండుకుంట అన్నదట. ఇగ లేవలే" అని ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. డ్రైవరుతో మళ్లీ ఏసీ మాట ఎత్తలేదు. ఆయనే నా ముఖం అద్దంలో చూసి, ఏమనుకున్నాడో, ఏసీ వేశాడు.

మీలో చాలామందికి మేడమ్ ఎవరో తెలియదు. గచ్చిబౌలి వెళ్లే ఆఫీసు బస్సుల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం ఆవిడ పని చూసే ఉంటారు. బడి ప్రహరీ మీద నిలువెత్తు మనుషులు ఉండేవారు. బస్సు ఆగిందంటే మనల్ని ఏదో అడగబోతున్నట్టు చూసేవారు. ఆ గోడ తర్వాత రోడ్డు వెడల్పులో పోయింది. ఆ రోజుల్లో నేను అక్కడికి దగ్గర్లోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఉద్యోగుల చేత సేవా కార్యక్రమాలు చేయించే పని చూసేదాన్ని. మొక్కలు నాటించడం, రక్తదానం, పాత బట్టలు పోగుచేయడం. ఫోటోలో బాగా పడేదే సేవ అని మా పైవాళ్ల నమ్మకం.

బడి గోడకు రంగులు వేద్దామన్నది కూడా అలా పుట్టిన ఆలోచనే. ఒక్క రోజు పని, అందరికీ ఒకే రంగు టీషర్టు. చెట్టు, భూగోళం, రాకెట్టు బొమ్మలు ప్రింటు తీయించుకుని బడికి వెళ్లాను. మేడమ్ ఒక్కో కాయితం తిప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టారు.

"మంచిగున్నయి బిడ్డా. గివి మీ ఆఫీసుల ఏసుకోరి. మా గోడ మీద మా మనుషులుండాలె."

"అంటే ఎవరండీ?"

"గీ బస్తీల ఉన్నోళ్లు. ఇగ ఒక్క దినంల మనుషులు రారు. శనివారం శనివారం రావాలె. వస్తరా?"

మా నాన్నగారిది భీమవరం. నేను పెరిగింది కూకట్‌పల్లి కాలనీలో, చుట్టూ మా వైపు వాళ్ల మధ్య. మేడమ్ మాట మొదట్లో నాకు సగమే అందేది. నా అండీలకు ఆవిడ నవ్వేవారు. "వస్తామండీ" అని ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆవిడ ఎదురుగా నిలబడి కాదనడం కష్టం, అంతే.

బడికీ కంపెనీకీ మధ్య ఒప్పందం జరిగింది. వేదిక వేశారు, బొకేలిచ్చారు, మేడమ్‌కు శాలువా కప్పారు. ఆ శాలువా తర్వాతి శనివారానికి రంగు డబ్బాల కింద పరిచి ఉంది. తొలివారం ఫోటోల కోసం వచ్చినవాళ్లు చాలామంది మళ్లీ కనపడలేదు. మిగిలినవాళ్లు మాత్రం గట్టివాళ్లు. కోడ్ రాసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, అపార్టుమెంట్లలో వంట చేసే ఆడవాళ్లు, పిల్లలు. ఒకే డబ్బాలో బ్రష్షులు ముంచేవాళ్లు. మేనేజరుకు చీరకుచ్చెళ్ల మడతలు ఎలా పడతాయో ఒక వంటమనిషి చూపిస్తుంటే చూసి, అబ్బ, కంపెనీ పెట్టిన ఇన్ని మీటింగుల్లో ఇంత నిజమైన మీటింగు జరగలేదనుకున్నాను.

మేడమ్ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. బొమ్మలో ఏదైనా ఎవరైనా వేయొచ్చు, కళ్లు మాత్రం వేయకూడదు. చిన్నతనంలో చేర్యాల దిక్కు పటాలు గీసే ఒక ఇంట్లో రంగులు నూరుతూ ఆవిడ పని నేర్చుకున్నారట. అక్కడ కళ్లు దిద్దేది చిట్టచివర. గోడ అంతా అయ్యాక, ఆ బొమ్మ ఎవరిదో వాళ్లు వచ్చి ఎదురుగా నిలబడాలి. చనిపోయినవాళ్లదైతే వాళ్ల తాలూకు మనిషి రావాలి. అప్పుడు మేడమ్ సన్న బ్రష్షు తీసేవారు. ఈలోగా ఎవరైనా సెల్ఫీకి ఫోన్ ఎత్తితే ఊరుకునేవారు కాదు. "మనిషి ఇంక రానే లేదు. అప్పుడే ఫోటో ఏంది?" అనేవారు.

ఒక ఆటో అన్న తన తండ్రి బొమ్మ కోసం వచ్చాడు. కళ్లు పెద్దవనీ కొంచెం ఎర్రగా ఉండేవనీ చెప్పబోయాడు.

"కండ్లెట్లుంటుండె అని అడుగుతలేను. మీ నాయిన ఎట్ల చూస్తుండె?"

"ఇంటికి ఎవలొచ్చినా ముందుగాల కాళ్లు చూస్తుండె మేడమ్. ఎండల చెప్పుల్లేక వచ్చిండ్రా అని."

మేడమ్ రెప్పలు వాల్చి, చూపు కిందికి దించి రెండు గీతలు గీశారు. ఆ చూపు తన కాళ్ల మీద పడగానే ఆటో అన్న ఆ గోడ ముందు నుంచి ఠక్కున పక్కకు జరిగాడు. నేను ఆ రాత్రి ఇంటికెళ్లి, మా నాన్న ఎలా చూసేవారని అమ్మను అడిగాను. అమ్మ కూర కలుపుతున్న గరిట ఆపేసింది. మేడమ్ నాకిచ్చింది ఈ ప్రశ్నే. ఇప్పుడు ఎవరిని చూసినా మనసులో అదే మెదులుతుంది.

బడి గోడకు మంచి పేరొచ్చింది. అప్పటి మా కంపెనీ పెద్దాయనకు ముచ్చటేసి, మా డైనింగ్ హాలు గోడ కూడా మేడమ్‌కే ఇచ్చారు. ఏ బొమ్మ వేస్తారని అడిగితే మేడమ్ వెంటనే చెప్పారు. మా క్యాంపస్ ఉన్నచోట ఒకప్పుడు బండలు కొట్టుకు బతికేవాళ్ల గుడిసెలు ఉండేవి. అక్కడ బతికినవాళ్లను వేస్తానన్నారు. ఆవిడ పుట్టింది కూడా ఆ గుడిసెల్లోనే అని నాకు అప్పుడే తెలిసింది.

సుత్తెలు పట్టినవాళ్లు, రాయి మోసేవాళ్లు, నీళ్లకుండతో ఒకమ్మాయి, బీడీ ముట్టించుకుంటూ ఒక ముసలాయన. ఇడ్లీ, సాంబారు వరసల వెనక ఆ ఊరు ఒక్కో శనివారం కొంచెం కొంచెంగా లేచింది. నడుమ మేడమ్ వాళ్లమ్మ, చేతిలో సుత్తెతో, మనవైపు తిరిగి నిలబడింది. కళ్లు ఎవరికీ లేవు.

"మా అమ్మకు అందరికంటె ఆఖరుకు ఏస్త" అన్నారు మేడమ్ ఒకరోజు రంగు కలుపుతూ. "ఎట్ల చూస్తుండెనో నాకు యాదికి లేదు బిడ్డా. చేతులు యాదికున్నయి, దగ్గు యాదికున్నది. నా దిక్కు చూసినట్టు ఒక్కపారి గూడ యాదికొస్తలేదు. చిన్నప్పుడే పాయె. నా మీద ఇష్టం లేకుండెనో ఏమో."

ఆ చివరి మాట నవ్వుతూనే అన్నారు. ఆమెను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని బస్తీలో వాకబు చేశాను. వాళ్లమ్మతో కలిసి రాయి కొట్టిన ఒక ముసలమ్మ శంకర్‌పల్లి దగ్గర కూతురింట్లో ఉందని తెలిసింది. మోకాళ్ల నొప్పి తగ్గాక వస్తానంది. ఆవిడ వచ్చి చెబితే మేడమ్ వాళ్లమ్మకు కళ్లు వస్తాయి. మేడమ్‌కు కావలసింది అదొక్కటే. గోడా, ఒప్పందమూ, మా శాలువాలూ ఆవిడకు దాని ముందు ఏమీ కావు.

ఈలోగా మా కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. కొత్తవాళ్లకు చదువులూ ట్యాబులూ ముఖ్యమట, బొమ్మలు కావట. ఒప్పందం గడువు అయిపోయింది, పొడిగించడం లేదు అని ఒక మెయిలు వచ్చింది. "మీ అమూల్యమైన సహకారానికి" అంటూ మొదలైంది. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ శనివారం మేడమ్ గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. "జర తుడిచి పెట్టు" అన్నారట సెక్యూరిటీ అన్నతో. తుడిచినా వెలిగింది.

గోడ అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం వందలమంది దాని ముందు కూర్చుని అన్నం తినేవాళ్లు. కొన్నాళ్లకు ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆ ముఖాలు చూస్తే ముద్ద దిగడం లేదని, సాయంత్రం ఒంటరిగా కాఫీకి వెళ్లాలంటే భయమేస్తోందని. నిజానికి నాకూ భయమే. కళ్లు లేవు కాబట్టి చూడటం లేదని ధైర్యంగా ఉండొచ్చా? ఉండలేం. అంతమంది ఒక మాట కోసం ఆగి నిలబడ్డట్టు ఉండేది. చాలామంది గోడకు వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నారు.

కొత్త యజమానులు చూడ్డానికి వస్తున్నారనగా, మా ఫెసిలిటీస్ మేనేజరు ఒక ఉపకారం చేశాడు. కాకినాడ మనిషి, మంచివాడే. బొమ్మలు సగంలో ఆగిపోవడం చూడలేక, ఫ్లెక్సీలు వేసేవాడి దగ్గర స్టిక్కర్లు కొట్టించాడు. ఒకే జత కళ్లు. పెద్దవాళ్లకు ఒక సైజు, పిల్లలకు ఇంకో సైజు. సోమవారం నేను వెళ్లేసరికి ఆ ఊరంతా ఒకే చూపుతో నన్ను చూస్తోంది. ఏ మూల కూర్చున్నా నన్నే.

"చూశారాండీ, ప్రాణం వచ్చేసింది!" అన్నాడు సంబరంగా.

"ఎవరి ప్రాణమండీ?" అని అరిచాను. పాపం, అతని ముఖం పాలిపోయింది. నిజంగానే మేలు చేశాననుకున్నాడు.

మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"ఎవలి కండ్లంట?"

"ఎవరివీ కాదండీ. ప్రింటు."

"ఎవలియి గాకుంట కండ్లుంటయా బిడ్డా?"

తర్వాతి శనివారం మేడమ్ పేరూ, శంకర్‌పల్లి ముసలమ్మ పేరూ నా సొంత అతిథులుగా రాయించాను. గేటు దగ్గర ఏ అడ్డం రాకుండా చూసింది ఆ మేనేజరే. హాలు ఖాళీగా ఉంది. ముసలమ్మ గోడ వెంబడి మెల్లగా నడిచింది. ఆ స్టిక్కర్ల వంకే చూడలేదు. నిలబడ్డ తీరు చూసి, భుజాలు చూసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించింది. సుత్తె పట్టిన ఆమె దగ్గరికొచ్చి ఆగింది.

"అమ్మ ఎట్ల చూస్తుండెనే అవ్వా?" అని అడిగారు మేడమ్. అంత పెద్ద మనిషి గొంతు చిన్నపిల్ల గొంతులా వినపడింది.

"చూసుడేంది బిడ్డా?" అంది ముసలమ్మ. "రాయి తునకలు పడి పడి మీ అమ్మ కండ్లు ఎన్నడో పోయినయి. పని నుంచి తీసేస్తరని ఎవలకు చెప్పకపోతుండె. చేతితోని తడుముకుంటనే రాయి కొడుతుండె. నువ్వు ఉరుకొస్తే నీ గజ్జెల చప్పుడు దిక్కు తల తిప్పుతుండె. గా గజ్జెలు గందుకే కట్టింది నీకు."

మేడమ్ సంచిలోంచి తీసిన సన్న బ్రష్షు మళ్లీ సంచిలో పెట్టారు. గోడ దగ్గరికి వెళ్లి, వాళ్లమ్మ ముఖం మీది రెండు స్టిక్కర్లు గోటితో మెల్లగా, ఎక్కడా రంగు లేవకుండా తీశారు. బెల్లం రంగు ముఖం మీద కళ్ల చోటు ఖాళీగా ఉంది.

"ఇగ అయిపోయింది" అన్నారు. "మా అమ్మ వచ్చింది."

మిగతావాళ్ల స్టిక్కర్లు కూడా తీసేద్దామా అని అడిగాను. వాళ్ల వాళ్లు రావాలె, నేనెవరిని అన్నారు. ఎవరూ రాలేదు. నేనూ ఆ కంపెనీ వదిలేశాను. కొన్నాళ్లకు వాళ్లు ఆ భవనమే ఖాళీ చేసి వెళ్లిపోయారు. మేడమ్ రిటైరయ్యాక ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం. గోడ సంగతి ఆవిడ ఎన్నడూ అడగలేదు. వాళ్లమ్మ మాట మాత్రం పండగ కబురు చెప్పినట్టు చెప్పేవారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తనంటే తల్లికి ఇష్టమని కొత్తగా తెలుసుకున్నారు. మా ఒప్పందాలు ఎందుకు పుట్టి ఎందుకు చచ్చినా, ఇది జరిగినందుకు నాకు సంతోషం.

అంత్యక్రియలు అయిన మరుసటి వారం ఆ భవనానికి వెళ్లాను. ఇప్పుడది చిన్న చిన్న కంపెనీలు అద్దెకు తీసుకునే ఆఫీసు. లోపల తెలిసినవాళ్లుంటే భోజనానికి వచ్చానని చెప్పి వెళ్లాను. గోడకు తెల్లరంగు వేసేశారు. వేసినవాడు తొందరలో ఉన్నాడేమో, స్టిక్కర్లు తీయకుండా వాటి మీదే కొట్టేశాడు. మధ్యాహ్నం ఎండ అద్దాల్లోంచి ఏటవాలుగా పడితే, ఆ తెలుపు మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జంటలు జంటలుగా ఉబ్బెత్తులు. అందరూ అక్కడే ఉన్నారు. నడుమ ఒక్కచోట గోడ నున్నగా ఉంది.

ఆ చోటు ఎదురుగా నిలబడ్డాను. చుట్టూ పళ్లేల చప్పుడు, నవ్వులు. ఊరికే దండం పెట్టుకుని వచ్చేస్తే చూపు లేని ఆ తల్లికి తెలియదు కదా అనిపించింది.

"మీ అమ్మాయి పోయిందండీ" అన్నాను.

వినపడేలా, గట్టిగానే అన్నాను. అన్నం తింటున్నవాళ్లంతా తలలు తిప్పారు.